పెద్దాయన కంప్యూటర్‌కు పీఓహెచ్ ఎప్పుడు?

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పెన్షన్, టికెట్లు, మనవల ఫొటోలు ఇంటి కంప్యూటర్‌లో చూసుకునే పెద్దలు ఇప్పుడు ఎవరిని అడగాలి? ఏం చేయాలి? ఎవరిని నమ్మకూడదు? తెలుగువాళ్ల రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లోని మలంచా నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

నవంబరు వచ్చిందంటే ఖరగ్‌పూర్‌లో రైల్వే పెన్షనర్లందరికీ ఒకటే హడావుడి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒకప్పుడు బ్యాంకు ముందు వరసలో నిలబడి, సంతకం పెట్టి వచ్చేవారు. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టాక వేలిముద్రతో, 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా ఇంట్లోంచే ఆ పని ముగించుకునే వీలు వచ్చింది. పెన్షన్ స్లిప్పు, రైల్వే ఆసుపత్రి కార్డు, ఫలక్‌నుమాలో సికింద్రాబాద్‌కు టికెట్టు, కరెంటు బిల్లు, విశాఖలో ఉన్న మనవరాలి ఫొటోలు, అన్నీ తెర మీదికే చేరాయి. ఇది పెద్దలు అడిగి తెచ్చుకున్న మార్పు కాదు. లోకమంతా అటు వెళ్తుంటే వాళ్లకూ తప్పలేదు.

మలంచాలో ఇలాంటి ఇళ్లు వెతకాల్సిన పని లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల వాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనికి చేరారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గార్డులుగా, గుమాస్తాలుగా బతికారు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఊరికి వెళ్లిపోయినవాళ్లు కొందరు. మలంచా, నింపురా, మథురాకాటి వైపు చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాళ్లు ఎందరో. బజార్లో బెంగాలీ, వర్క్‌షాప్‌లో హిందీ, ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లిష్. నాలుగు భాషలతో జీవితం నెట్టుకొచ్చిన మనుషులు వీళ్లు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే.

వీళ్ల ఇళ్లలో ముందు గదిలో ఒక డెస్క్‌టాప్ ఉంటుంది. కొడుకో కూతురో ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్తూ వదిలేసిన కంప్యూటర్ అది. దాని తెర మీద ఓ రోజు ఇంగ్లిష్‌లో ఒక సందేశం కనిపిస్తుంది. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేస్తారు.

“ఏదో అప్‌డేట్ అడుగుతోందిరా. నొక్కమంటావా?”

అవతల కొడుకు మీటింగులో ఉంటాడు. “ఏమీ ముట్టుకోకండి నాన్నా. దసరాకి వచ్చి చూస్తాను.”

ప్రేమతోనే అంటాడు. తండ్రి పొరపాటున ఏదైనా చెరిపేస్తాడేమోనని భయం. కానీ ఇంట్లో పెద్దలకు మనం ఇచ్చే కంప్యూటర్ సలహాల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది లేదు. దసరా వచ్చేదాకా అన్ని నెలలూ ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌కు కలిసే ఉంటుంది, అందులోంచే బ్యాంకు ఖాతా తెరుస్తారు, అందులోనే ఆధార్, పాన్ స్కాన్లు ఉంటాయి. భద్రత మాత్రం దసరా సెలవుల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ముట్టుకోకపోతే ఏమవుతుంది?

ఖరగ్‌పూర్ పెద్దలకు అప్‌డేట్ అంటే ఏమిటో చెప్పడానికి కంప్యూటర్ భాష అవసరం లేదు. పీఓహెచ్ అంటే చాలు. పీరియాడికల్ ఓవర్‌హాలింగ్. బోగీ బాగానే నడుస్తోంది కదా అని దాని పీఓహెచ్‌ను ఎవరూ వదిలేయరు. గడువు తేదీ బోగీ మీదే రాసి ఉంటుంది. ఆ తేదీకి వర్క్‌షాప్‌కు రావాలి, విప్పి చూడాలి, అరిగిన భాగం మార్చాలి, తర్వాతే మళ్లీ లైన్‌లోకి పంపాలి. జీవితమంతా ఈ పద్ధతిని కాపాడినవాళ్లకు కంప్యూటర్ అప్‌డేట్ కొత్త విషయం కాదు. వాళ్లకు ఎవరూ ఆ సంగతి చెప్పలేదంతే.

విండోస్ లాంటి వ్యవస్థలో కోట్ల వరసల ప్రోగ్రాం ఉంటుంది. అందులో లోపాలు ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం వాటికి మరమ్మతు విడుదల చేస్తోంది. మనకు అది మంగళవారం రాత్రి పొద్దుపోయాక వస్తుంది. అయితే మరమ్మతు విడుదలయ్యాక దొంగలు కూడా దాన్ని విప్పి చూస్తారు. పాత ప్రోగ్రాంకూ కొత్తదానికీ తేడా ఎక్కడుందో పోల్చి, లోపం ఎక్కడుండేదో కనిపెడతారు. అంటే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి, దాన్ని వేసుకోని కంప్యూటర్లకు ప్రమాదం మునుపటికన్నా పెరుగుతుంది.

దీనికి సాక్ష్యం ఖరగ్‌పూర్ పొరుగునే ఉంది. 2017 మే 12న వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో బేల్దా, దాంతన్, నారాయణ్‌గఢ్, కేశియారీల్లోని రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసుల్లో కంప్యూటర్లు స్తంభించాయి. ఇవన్నీ ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌లోని ఊళ్లే. అవే రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోనూ కొన్నింటికి ఆ తెగులు సోకింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన తేదీ ఇంకొకటుంది. వనాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. దాడికి రెండు నెలల ముందు. ఎక్కువగా దెబ్బతిన్నవి అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లు. ఆ మార్చిలో అప్‌డేట్ వేసుకుని ఉంటే ఆ కంప్యూటర్లకు ఆ కష్టం వచ్చేది కాదు.

అప్‌డేట్ వల్లే కంప్యూటర్ పాడైందన్న మాట కూడా పెద్దల నోట వింటాం. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు విమానమెక్కిన ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. కానీ అది పెద్ద కంపెనీలు కొనుక్కునే ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వల్ల జరిగింది. ఇళ్లలోని కంప్యూటర్లకు ఆ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు. అప్‌డేట్‌తో ఇబ్బంది రావడం అరుదు. వచ్చినా సరిచేసుకునే దారి ఉంటుంది. అప్‌డేట్ లేని కంప్యూటర్‌లోంచి పోయిన డబ్బూ ఫొటోలూ తిరిగొస్తాయన్న హామీ లేదు.

ఒక సాయంత్రం, ఒక నోట్‌బుక్

వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరి, పైమెట్లు ఎక్కి రిటైరైన ఓ పెద్దాయన ఇంట్లో నేను చూసిన సాయంత్రం ఇది. కంప్యూటర్ నెమ్మదించిందని, రోజుకు పదిసార్లు “వైరస్ ఉంది” అని తెర మూలన డబ్బా వస్తోందని ఆయన బాధ. ఫార్మాట్ కొట్టించాల్సిందేనని రిపేరు షాపులో చెప్పారట. పక్కింట్లో కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయి వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి చేసిన మొదటి మంచి పని ఏమిటంటే, మౌస్ తీసుకోలేదు.

“మీరే నడపండి తాతగారూ. నేను పక్కనుంటాను.”

“నాకు రాదు తల్లీ.”

“కింద ఎడమవైపు స్టార్ట్ నొక్కండి. పళ్ల చక్రం బొమ్మ ఉంది చూడండి.”

“గేర్ కదా ఇది?” అన్నారాయన, ముప్పై ఏళ్లకు పైగా గేర్ల మధ్య బతికిన మనిషి. అక్కడి నుంచి ఆయన గొంతు మారింది.

సెట్టింగ్స్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. అప్‌డేట్ వరసగా ఎన్నోసార్లు విఫలమైంది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. కంప్యూటర్ ఎలా ఆపుతారు? గోడ మీద స్విచ్ కట్టేస్తారు. ఎందుకు? ఎండాకాలం సాయంత్రాల్లో కాలబైశాఖి గాలివాన మొదలైతే ఉరుములకు భయం. ఒకసారి టీవీ కాలిపోయింది. తెర మీద “ఆపవద్దు” అని ఇంగ్లిష్‌లో ఉన్నా, పిడుగు పడుతుంటే ఎవరు ఆగుతారు? అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు తీసేస్తుంటే అది మళ్లీ మొదటికొస్తోంది. యూపీఎస్ ఉంది, కానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆయన తప్పేమీ లేదు. ఆయన తర్కం ఆయనకుంది. యంత్రం మాత్రం ఆ తర్కాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు కాలేదు.

“వైరస్ ఉంది” అన్న డబ్బాలు వైరస్ కాదు. ఏదో వార్త చదవబోతుంటే ఒక వెబ్‌సైట్ “అలౌ” నొక్కమంది, ఈయన నొక్కారు. అప్పటి నుంచి ఆ సైట్ బ్రౌజర్ నోటిఫికేషన్ రూపంలో భయపెట్టే ప్రకటనలు పంపుతోంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి పొందిన తెలియని పేర్లన్నీ తొలగించగానే డబ్బాలు ఆగిపోయాయి. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఒకటి రోజూ రెన్యువల్ డబ్బులు అడుగుతూ కూర్చుంది. దాన్ని తీసేయగానే విండోస్‌లోనే ఉచితంగా ఉండే డిఫెండర్ తనంతట తానే పనిలోకి వచ్చింది. డిస్క్ నిండిపోయి అప్‌డేట్‌కు చోటు లేకపోతే, రెండేసిసార్లు ఉన్న వీడియోలు ఏరి తీసేశారు. ఫార్మాట్ అవసరం రాలేదు.

అప్‌డేట్ దిగి, కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలై ముగిసేసరికి బాగా పొద్దుపోయింది. ఈలోగా టీ, మరమరాలు అయ్యాయి. ఆ వ్యవధిలో పెద్దాయన తన నోట్‌బుక్‌లో తెలుగులో అంకెలు వేసి రాసుకున్నారు. గేర్ బొమ్మ. అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ. చెక్ ఫర్ అప్‌డేట్స్. ఆకుపచ్చ టిక్కు వస్తే సరే. ఎర్ర గుర్తు వస్తే అమ్మాయికి ఫోన్. చివర గుండ్రంగా గీత గీసి రాశారు: “నీలం తెర మీద చుక్కలు తిరుగుతుంటే స్విచ్ కట్టరాదు.”

ఆ నోట్‌బుక్ ఏ యాంటీవైరస్‌కూ తీసిపోదు. పెద్దలకు సాయం చేయడమంటే పని చేసిపెట్టి వెళ్లిపోవడం కాదు. వాళ్ల చేతే చేయించి, వాళ్ల భాషలో వాళ్లే రాసుకునేదాకా పక్కన కూర్చోవడం.

ఇప్పుడున్న దారులు

విండోస్ 10 వాడుతున్నవాళ్ల ముందు ఇప్పుడు నాలుగు దారులున్నాయి. మీది ఏ విండోసో తెలియకపోతే స్టార్ట్‌లో “విన్‌వర్” అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే తెలుస్తుంది.

మొదటిది, పొడిగింపు. మైక్రోసాఫ్ట్ ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదుకు లింకు కనిపిస్తుంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్, ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. కంప్యూటర్ సెట్టింగులను ఆ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 30 డాలర్లకు సమానమైన మొత్తం కట్టవచ్చు. ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన గడువే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

రెండోది, విండోస్ 11. కంప్యూటర్ అర్హత ఉన్నదైతే ఈ మార్పు ఉచితం. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం అర్హత ఉందో లేదో చెప్పేస్తుంది. సుమారుగా 2018 తర్వాత తయారైన వాటిలో చాలావరకు గట్టెక్కుతాయి.

మూడోది, లైనక్స్. అర్హత లేని పాత కంప్యూటర్ చెత్త కాదు. లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తాయి, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లైనక్స్‌లో తెలుగు సహా భారతీయ భాషలకు చోటుంది. బ్రౌజర్, ఈమెయిల్, ఫొటోలు, ఉత్తరాలు రాసుకోవడం వరకే పనైతే పెద్దలకు ఇది హాయి. ప్రింటర్, వేలిముద్ర యంత్రం పనిచేస్తాయో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

నాలుగోది, ఇంటర్నెట్ తీసేయడం. ఇంకా పాత విండోస్ 7 వాడేవాళ్లకూ ఇదే దారి. దానికి మరమ్మతులు 2020 జనవరి 14నే ఆగిపోయాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన సుందర్ పిచాయ్ ముందుండి తయారుచేయించిన క్రోమ్ బ్రౌజర్ కూడా 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7ను వదిలేసింది. అలాంటి కంప్యూటర్‌ను పాత ఫొటోలు చూసుకోవడానికీ పాటలు వినడానికీ ఉంచుకోండి. దానితో బ్యాంకు ఖాతా మాత్రం తెరవవద్దు.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఫొటోలు, కాగితాల స్కాన్లు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి విప్పి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. రెండోది, షాపులో వేసిచ్చిన క్రాక్ విండోస్ అయితే దాన్ని వదిలించుకోండి. నకిలీ విండోస్‌ను అసలుదానిలా నమ్మించే ప్రోగ్రాంలు తరచూ డిఫెండర్‌ను ఆపేయమంటాయి, అప్‌డేట్లను అడ్డుకుంటాయి, కొన్ని దొంగ ప్రోగ్రాంలను వెంట తెస్తాయి. కొన్ని వేల రూపాయలు మిగిల్చామనుకున్నచోట పెన్షన్ ఖాతాకే ముప్పు తెచ్చుకుంటాం. డబ్బు పెట్టలేనివాళ్లకు ఉచిత లైనక్స్ ఉంది. దొంగ విండోస్ కంటే అది నూరుపాళ్లు మేలు.

సాయం పేరుతో వచ్చేవాళ్లు

సాయం దొరకని చోట దొంగ సాయం దొరుకుతుంది. తెర మొత్తం ఎర్రగా మారి, సైరన్ మోగి, “మీ కంప్యూటర్‌ను లాక్ చేశాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని మైక్రోసాఫ్ట్ గుర్తుతో సందేశం వస్తుంది. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడతారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి ప్రోగ్రాం వేయించి, మన కంప్యూటర్‌ను వాళ్ల చేతుల్లోకి తీసుకుంటారు. విండోస్‌లో మామూలుగా ఉండే హెచ్చరికల జాబితా చూపించి అవన్నీ వైరస్‌లంటారు. తర్వాత ఫీజు అడుగుతారు, లేదా బ్యాంకు పేజీ తెరిపిస్తారు. ఇలాంటి ముఠాలు విదేశాల్లోని వృద్ధుల మీద గురిపెట్టి మన దేశంలోనే, కోల్‌కతాలోనూ, కాల్ సెంటర్లు నడిపాయి. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర 2 పేరుతో దేశవ్యాప్తంగా సోదాలు చేసినప్పుడు, మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదుల మీద ఇలాంటి నకిలీ టెక్ సపోర్ట్ కేంద్రాలూ బయటపడ్డాయి. ఎనీడెస్క్ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

పెన్షనర్లకు వచ్చే ఫోన్ ఇంకో రకం. “మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి” అంటారు. పేరు, ఉద్యోగం వివరాలు ముందే చెబుతారు కాబట్టి నమ్మకం కలుగుతుంది. లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో మీ తరఫున ఏ ఆఫీసూ అప్‌డేట్ చేయదు. దాన్ని ఇవ్వాల్సింది పెన్షనర్ స్వయంగా.

వీటన్నిటికీ ఒకే సూత్రం. మనం పిలిచిన మనిషే సాయానికి వచ్చినవాడు. తనంతట తాను ఫోన్ చేసినవాడు, తెర మీద నంబరు చూపించినవాడు ఎవరైనా సరే, ఎంత మర్యాదస్థుడైనా సరే, దొంగే అనుకుని ఫోన్ పెట్టేయండి. మర్యాద తప్పినట్టు కాదు. నిజంగా బ్యాంకు వాళ్లే అయితే పాస్‌బుక్ మీద నంబరు ఉంటుంది, మనమే చేసి కనుక్కోవచ్చు. తెర లాకైనట్టు కనిపిస్తే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టండి. పోకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి కంప్యూటర్ ఆపేయండి. చాలావరకు అది ఒక వెబ్ పేజీయే. ఆపితే పోతుంది. అప్‌డేట్ నడుస్తుండగా బటన్ నొక్కకూడదన్నాం కదా అని సందేహం వద్దు. అప్‌డేట్ తెర ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు.

డబ్బు పోయిందా? ఆ క్షణమే 1930

పొరపాటు జరిగిపోతే పెద్దలు చేసే మొదటి పని దాచడం. కొడుకు తిడతాడని, కోడలు చిన్నచూపు చూస్తుందని. ఆ మౌనంలోనే డబ్బు చేతులు మారిపోతుంది. జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు ఇంకా ఎవరి ఖాతాలో ఉంటే అక్కడ నిలిపేయించే ఏర్పాటు ఉంది. గంటల్లో చెబితే ఆశ ఉంటుంది, రోజులు గడిస్తే సన్నగిల్లుతుంది. సైబర్ క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు. ఇంటర్నెట్ తీగ పీకేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపించండి, పాస్‌వర్డ్‌లు వేరే యంత్రం మీద మార్చండి.

బ్యాంకు విషయంలో మీ హక్కు కూడా తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల చొరబాటు వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సందేశం అందాక మూడు పనిదినాల్లోగా చెప్పినవారిపై భారం పడకూడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన డబ్బు మీది. తెలిపాక పోయినది బ్యాంకు భరించాలి. అందుకే ఎంత తొందరగా చెబితే అంత మేలు.

వైరస్ తొలగించే ఉచిత సాధనాలు కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఈ సంగతి మలంచాలో ఎంతమంది పెద్దలకు ఎవరు చెప్పారు?

ఊరు చేయాల్సిన పని

ఇక్కడే అసలు లోటు కనిపిస్తుంది. దేశంలో అతి పెద్ద డిజిటల్ అక్షరాస్యత పథకం, 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్, ఆరు కోట్ల ఇళ్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2024లో ముగిసిన ఆ పథకం పల్లెలకు మాత్రమే, 14 నుంచి 60 ఏళ్ల వయసువారికి మాత్రమే ఉండేది. పట్నంలో ఉంటూ అరవై దాటిన మలంచా పెన్షనర్ రెండు విధాలా దాని బయటే మిగిలాడు. రిటైరైన మనిషికి పెన్షన్‌ను, వైద్యాన్ని, బ్యాంకును కంప్యూటర్‌లోకి మార్చిన ప్రభుత్వం, ఆ కంప్యూటర్‌ను కాపాడుకోవడం నేర్పడానికి అరవై దగ్గర గీత గీయడం న్యాయం కాదు.

గీతను దాటడం కష్టమేమీ కాదు. ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ఉంది. అక్కడ ఎన్ఎస్ఎస్‌లో పనిచేసే విద్యార్థులున్నారు, వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. రైల్వే పెన్షనర్ల సంఘాలున్నాయి, గుళ్ల దగ్గర, తెలుగు సంఘాల దగ్గర నలుగురు కూర్చునే చోటుంది. నెలలో రెండో మంగళవారం తర్వాతి ఆదివారం ఒక పూట పెట్టండి. పెద్దలు తమ కంప్యూటర్‌కు వచ్చిన సందేశం ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చుకుంటారు. పిల్లలు చూసి చెబుతారు. నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుంటారు. ఎవరి పాస్‌వర్డూ ఎవరూ అడగకూడదన్న నియమం ఒక్కటి గట్టిగా పెడితే చాలు. రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు హోదా ఇచ్చింది కాబట్టి, 1930 నంబరూ ఓటీపీ హెచ్చరికలూ ఖరగ్‌పూర్ బ్యాంకుల్లో, పోలీసు స్టేషన్లలో తెలుగులోనూ అతికించమని అడిగే హక్కు మనకుంది. అడగాలి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. వీడియో కాల్‌లో కెమెరా తెర వైపు తిప్పించి, “ఏం రాసి ఉందో చదవండి నాన్నా” అంటే పది నిమిషాల్లో పనవుతుంది. తండ్రికో తల్లికో మామూలు యూజర్ ఖాతా ఒకటి చేసి, అడ్మినిస్ట్రేటర్ ఖాతా వేరుగా ఉంచండి. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కొనివ్వండి. నమ్మకమైన ఒక్క మనిషి పేరు, నంబరు పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అతికించండి. ఒకే ప్రశ్న నాలుగోసారి అడిగినా విసుక్కోకండి. విసుక్కుంటే వాళ్లు ఐదోసారి మిమ్మల్ని అడగరు. తెర మీద కనిపించిన నంబరును అడుగుతారు.

పెద్దలకు ఇంకో మాట. అడగడం నామోషీ కాదు. లోపం కనిపిస్తే రిపోర్టు రాసి పైకి పంపడమే మీరు రైల్వేలో నేర్చుకున్న, నేర్పిన క్రమశిక్షణ. కంప్యూటర్ విషయంలోనూ అదే చేయండి.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు భోజనం చేశారా, మందులు వేసుకున్నారా అని అడిగాక, ఇంకొక్క ప్రశ్న కలపండి: “అప్‌డేట్ అయిందా నాన్నా?” కాలేదంటే ఫోన్ పెట్టకండి. చేయించి పెట్టండి.